పూస పట్టినంతే రూపం: హాబీ సీఎన్‌సీలో ప్రోబ్ స్కానింగ్

విరిగిన నగిషీ చట్రానికి జత ముక్క కావాలి. చేత్తో చెక్కిన పాత ఆకు డిజైను నకలు కావాలి. అరిగిపోయిన చెక్క అచ్చు పూర్తిగా పాడయ్యేలోగా దాని రూపాన్ని భద్రపరచాలి. ఇంట్లో చిన్న సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటరు ఆదేశాలతో కదిలి చెక్కే యంత్రం, ఉన్నవారికి ఇలాంటి పని ఎదురవగానే తట్టే ఆలోచన ఒకటుంది. యంత్రం మూడు అక్షాల్లో కదులుతుంది, తన స్థానం తనకు తెలుసు. స్పిండిల్ అనే తిరిగే తలలో, బిట్ అనే కోసే పనిముట్టు బదులు, తగలగానే సంకేతమిచ్చే ప్రోబ్ పెడితే చెక్కే యంత్రమే కొలిచే యంత్రమైపోతుంది కదా అని. ఆలోచన సరైనదే. అయినా మొదటి స్కాన్ ఫైలు తెరిచి చూసినవారిలో చాలామంది పెదవి విరుస్తారు. అంచులు బండబారి ఉంటాయి, సన్న గాడులు పూడిపోయి ఉంటాయి, నిట్టనిలువు గోడలు వాలుగా కనిపిస్తాయి. ప్రోబ్ చౌకదని, యంత్రం బలహీనమని అనుకుంటారు. చాలా సందర్భాల్లో ఆ రెండూ కారణం కావు. ప్రోబ్ అసలు దేన్ని నమోదు చేస్తుందో తెలుసుకోకుండా దాని నుంచి వేరే దేన్నో ఆశించడమే కారణం.

ఈ పరికరం పుట్టుకే ఒక చిక్కుముడి నుంచి జరిగింది. 1972లో రోల్స్ రాయిస్‌లో పనిచేస్తున్న ఇంజనీరు డేవిడ్ మెక్‌మర్ట్రీకి, కాంకార్డ్ విమానపు ఒలింపస్ ఇంజన్లలో వాడే సన్నని గొట్టాలను కచ్చితంగా కొలవాల్సి వచ్చింది. గట్టి మొన ఆనిస్తే ఆ ఒత్తిడికే గొట్టం పక్కకు జరుగుతుంది, కొలత తప్పుతుంది. తగిలీ తగలగానే సంకేతమిచ్చి, తర్వాత ఎటు నెట్టినా ఒరిగిపోయి, వదలగానే మళ్లీ సరిగ్గా పాత చోటికే వచ్చి కూర్చునే ప్రోబ్‌ను ఆయన రూపొందించాడు. మరుసటి ఏడాది జాన్ డీర్‌తో కలిసి రెనిషా కంపెనీ పెట్టాడు. ఈరోజు హాబీ బజారులో దొరికే ప్రోబుల్లో ఎక్కువ భాగం ఆ మూల సూత్రానికి సాదా రూపాలే.

లోపలి ఏర్పాటు చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. స్టైలస్ అనే సన్నని కడ్డీ చివర చిన్న పూస ఉంటుంది. అది మామూలుగా కృత్రిమ కెంపు. గట్టిదనం, నునుపు, అరగకపోవడం దానికి కలిసొచ్చే గుణాలు. కడ్డీ పై కొస ఒక బిళ్లకు బిగించి ఉంటుంది. ఆ బిళ్ల నుంచి మూడు పుల్లలు మూడు వైపులకు చాచుకుని ఉంటాయి. ఒక్కో పుల్ల రెండేసి లోహపు గుండ్ల మధ్య కూర్చుంటుంది. పైనుంచి ఒక స్ప్రింగు మెల్లగా అదిమి ఉంచుతుంది. ఈ ఆరు స్పర్శల గుండా ఒకే వరుసలో విద్యుత్తు ప్రవహిస్తుంది. పూసకు ఏదైనా తగిలితే ఏదో ఒక పుల్ల తన గుండ్ల మీంచి లేస్తుంది, ప్రవాహం తెగుతుంది. యంత్రాన్ని నడిపే కంట్రోలర్‌కు అందే వార్త అంతే. ఎంత గట్టిగా తగిలింది, ఎటు నుంచి తగిలింది అన్నది దానికి తెలియదు. తగిలిన క్షణంలో మూడు అక్షాలు ఎక్కడున్నాయో రాసుకోవడం ఒక్కటే దాని పని.

మూడు పుల్లల ఏర్పాటులో ఒక లోపం కూడా దాగి ఉంది. పక్క నుంచి తగిలినప్పుడు, దిశను బట్టి పుల్ల లేవడానికి కావాల్సిన బలం మారుతుంది. ఒక దిశలో వెంటనే తెగే సంకేతం మరో దిశలో కాస్త ఆలస్యంగా తెగుతుంది. ఆ లోపు స్టైలస్ కొంచెం వంగుతుంది. పొడవైన స్టైలస్ అయితే ఇంకా ఎక్కువ. చెక్క పనిలో ఇది కంటికి కనిపించేంత తేడా కాకపోవచ్చు గానీ, లోతు అందుతుందని అవసరానికి మించి పొడవైన స్టైలస్ పెట్టడం మాత్రం మంచిది కాదు. మరోవైపు, చాలామంది దిగులు పడే విషయమొకటి స్కానింగ్‌లో దాదాపు లెక్కలోకే రాదు. ప్రోబ్ స్పిండిల్ మధ్యలో సరిగ్గా కూర్చోలేదనుకోండి, మ్యాపు మొత్తం ఆ మేరకు పక్కకు జరుగుతుంది తప్ప రూపం మారదు. స్కాన్ మధ్యలో స్పిండిల్ చేత్తో కూడా తిరగకుండా చూసుకుంటే చాలు. స్పిండిల్ కరెంటు తీగ పీకేసి ఉంచడం అన్నిటికన్నా క్షేమం. ప్రోబ్ బిగించి ఉండగా పొరపాటున స్పిండిల్ తిరిగితే ఆ ప్రోబ్‌తో మళ్లీ పనుండదు.

ఒక్క పాయింటు తీసే తీరు

హాబీ కంట్రోలర్లలో ఈ పనికి జీ38 వరుస ఆదేశాలున్నాయి. జీ38.2 అంటే ఫలానా చోటి వైపు కదులు, తగిలితే ఆగు, తగలకపోతే తప్పు జరిగినట్టు లెక్క. జీ38.3 కూడా అలాగే కదులుతుంది గానీ, తగలకపోయినా తప్పుగా లెక్కించదు. హాబీ కంట్రోలర్లలో నడిచే గ్రబ్ల్ అనే సాఫ్ట్‌వేరులో జీ38.2 చివరిదాకా వెళ్లినా ఏమీ తగలకపోతే అలారం 5 వస్తుంది. బయలుదేరే ముందే ప్రోబ్ తగిలి ఉన్నట్టు చూపిస్తే అలారం 4 వస్తుంది. రెండు సందర్భాల్లోనూ పని ఆగిపోతుంది. వస్తువు అంచు దాటి ఖాళీలో దిగే పాయింట్లు ప్రతి స్కాన్‌లోనూ ఉంటాయి కాబట్టి, వస్తువు మీద ఊహించుకున్న గళ్ల వెంట ఒక్కో పాయింటు దగ్గర కిందికి దిగే కదలికకు జీ38.3 వాడి, తగలని చోట అడుగు ఎత్తును రాసుకోవడం మేలు. తగిలిన ప్రతిసారీ గ్రబ్ల్ పీఆర్‌బీ అనే అక్షరాలతో మొదలయ్యే ఒక వరుస పంపుతుంది. అందులో మూడు అక్షాల విలువలు, చివర తగిలిందా లేదా అన్నదానికి 1 లేదా 0 ఉంటాయి. యంత్రాన్ని నడిపే మరో సాఫ్ట్‌వేరు లైనక్స్‌సీఎన్‌సీ అయితే ప్రోబ్‌ఓపెన్, ప్రోబ్‌క్లోజ్ అనే రెండు ఆదేశాల మధ్య తీసిన పాయింట్లన్నిటినీ తానే ఫైలులో రాసి పెడుతుంది.

చాలా స్టైలస్‌లు విరిగేది కిందికి దిగేటప్పుడు కాదు, ఒక పాయింటు నుంచి పక్క పాయింటుకు జరిగేటప్పుడు. ఈ సంగతి పట్టించుకునేవారు తక్కువ. జీ0తో వేగంగా పక్కకు జరిపితే ఆ సమయంలో కంట్రోలర్ ప్రోబ్ సంకేతాన్ని చూడనే చూడదు. దారిలో ఒక ఆకు కొన పైకి లేచి ఉంటే పూస నేరుగా దానికి కొట్టుకుంటుంది. అందుకే పక్క కదలికను కూడా జీ38.3తోనే చేయించాలి. దారిలో ఏదైనా తగిలితే అక్కడే ఆగుతుంది. ప్రోగ్రాము కాస్త పైకి లేపి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఈ పద్ధతికి ఇంకో లాభం ఉంది. ప్రతి పాయింటు తర్వాత వస్తువులోకెల్లా ఎత్తైన చోటును దాటేంత పైకి లేవాల్సిన పని తప్పుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లు లేచి పక్కకు జరిగితే చాలు. గంటలు ఆదా అయ్యేది ఇక్కడే.

వేగం సంగతికి వస్తే, తగిలిన క్షణంలో కంట్రోలర్ స్థానాన్ని నమోదు చేసుకుంటుంది గానీ యంత్రం ఉన్నపళంగా ఆగలేదు. వేగం తగ్గించుకుంటూ ఇంకొంత దిగుతుంది. వేగం వర్గాన్ని త్వరణానికి రెట్టింపుతో భాగిస్తే ఆ దూరం వస్తుంది. గ్రబ్ల్‌లో మొదట ఉండే త్వరణం సెకనుకు సెకనుకు 10 మిల్లీమీటర్లు. నిమిషానికి 100 మిల్లీమీటర్ల వేగంతో దిగితే తగిలాక సుమారు 0.14 మిల్లీమీటర్లు అదనంగా దిగుతుంది. ప్రోబ్ స్ప్రింగు దాన్ని సునాయాసంగా భరిస్తుంది. అదే త్వరణంతో వేగాన్ని 600కు పెంచితే అదనపు దూరం ఏకంగా 5 మిల్లీమీటర్లు. అంత ఒరగడం చాలా ప్రోబుల వల్ల కాదు, స్టైలస్ విరుగుతుంది. వేగం పెంచాలంటే ముందు యంత్రం తట్టుకునేంతవరకు జెడ్ అక్షం (పైకీ కిందికీ కదిలేది) త్వరణం పెంచాలి. ఈ క్రమం తలకిందులు చేస్తే మిగిలేది కొత్త స్టైలస్ ఖర్చు.

తీగల విషయంలో ఒక్క మాట. ప్రోబ్ తీగ స్పిండిల్ తీగ పక్కనే పొడవునా సాగితే, ముఖ్యంగా స్పిండిల్‌కు వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) ఉంటే, లేని స్పర్శలు ఉన్నట్టు కనిపిస్తాయి. స్కానింగ్‌లో స్పిండిల్ ఎలాగూ ఆపే ఉంటుంది కాబట్టి బెడద కొంత తక్కువ, అక్షాలను కదిపే స్టెప్పర్ మోటార్ల విద్యుత్ రొద మాత్రం మిగులుతుంది. కవచం ఉన్న తీగ వాడి, ఆ కవచాన్ని ఒక కొసలోనే గ్రౌండ్ చేయాలి. ఇక మామూలుగా మూసి ఉండి, తగిలితే తెరుచుకునే రకం ప్రోబ్‌నే ఎంచుకోవాలి. ఆ రకంలో తీగ తెగితే తగిలినట్టే లెక్క, యంత్రం ఆగుతుంది. మామూలుగా తెరిచి ఉండి, తగిలితే మూసుకునే రెండో రకంలో తీగ తెగితే ఎప్పటికీ తగలనట్టే లెక్క, ప్రోబ్ వస్తువులోకి దిగబడుతుంది.

గళ్లు, గంటలు

100 మిల్లీమీటర్ల చదరపు పలకను మిల్లీమీటరు ఎడంతో స్కాన్ చేస్తే 101 వరుసల్లో 101 చొప్పున 10,201 పాయింట్లు. దిగి, తగిలి, లేచి, పక్కకు జరగడానికి పాయింటుకు 3 సెకన్లు అనుకుంటే ఎనిమిదిన్నర గంటలు. ఎడాన్ని అర మిల్లీమీటరు చేస్తే పాయింట్లు 40,401 అవుతాయి, సమయం 33 గంటలు దాటుతుంది. ఎడం సగమైతే పని నాలుగింతలు. అందుకే సన్నగా స్కాన్ చేస్తే మంచి నకలు వస్తుందన్న నమ్మకాన్ని ముందుగా పూస సైజుతో కొలిచి చూడాలి. 3 మిల్లీమీటర్ల పూసతో 0.2 మిల్లీమీటర్ల ఎడంలో రోజుల తరబడి స్కాన్ చేయడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. ఆ పూస దూరలేని గాడి, ఎన్ని పాయింట్లు తీసినా కనిపించదు. పూస వ్యాసంలో మూడో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఎడం ఉంటే చాలా పనులకు సరిపోతుంది. అంతకన్నా సన్నదనం కావాలంటే చిన్న పూస తీసుకోవాలి. చిన్న పూసకు సన్నని కడ్డీ ఉంటుంది కాబట్టి అది లోతుకు అందదు, తేలిగ్గా విరుగుతుంది. ఏదో ఒకటి వదులుకోక తప్పదు.

సమయాన్ని ఇంకో దారిలోనూ తగ్గించవచ్చు. ముందు 4 మిల్లీమీటర్ల ఎడంతో మొత్తం పలకను చూసి, ఎత్తు పెద్దగా మారని భాగాలను అంతటితో వదిలేసి, నగిషీ ఉన్న చోట్లే సన్నగా తీయడం. సాదా పలక మీద నడుమ ఒక్క పువ్వు ఉన్న సందర్భంలో ఇది ఎంతో ఆదా.

ఇంతసేపు సాగే పనిలో మరో భయం ఉంటుంది. హాబీ యంత్రాల్లో ఎక్కువ వాటికి స్టెప్పర్ మోటార్లే ఉంటాయి, అవి చెప్పినంత కదిలాయో లేదో వెనక్కి చూసుకునే ఏర్పాటు ఉండదు. మధ్యలో ఒక్కసారి స్టెప్పులు తప్పితే ఆ తర్వాతి వరుసలన్నీ పక్కకు జరిగిపోతాయి. చెక్క బల్ల మీద వస్తువు బిగిస్తే గాలిలోని తేమకు రాత్రికి పగటికి ఎత్తులోనూ కొంత తేడా వస్తుంది. ప్రతి కొన్ని వరుసలకూ ఒకసారి బల్ల మీద బిగించిన లోహపు దిమ్మ దగ్గరికి వెళ్లి, దాని పై ముఖాన్నీ రెండు పక్క ముఖాల్నీ తాకి రమ్మని ప్రోగ్రాములో రాసుకుంటే ఈ తేడా ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది. విలువ మారితే అక్కడితో ఆపేసి, నమ్మకమైన చివరి వరుస నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఈ చిన్న జాగ్రత్త లేని పొడవాటి స్కాన్‌ను చివర్లో ఎంత సరిదిద్దినా అనుమానం పోదు.

పూస కేంద్రం నడిచిన దారి

అసలు విషయం ఇది. ప్రోబ్ ఫైలులో ఉండే పాయింట్లు వస్తువు ఉపరితలం మీదివి కావు. వస్తువు మీద ఆనించినప్పుడు పూస కేంద్రం ఎక్కడ నిలిచిందో, ఆ స్థానాలు. చదునైన చోట పూస సరిగ్గా తన అడుగు భాగంతో తాకుతుంది కాబట్టి ఎత్తులోంచి పూస వ్యాసార్ధం తీసేస్తే ఉపరితలం వచ్చేస్తుంది. వాలు మీద అలా కాదు. పూస పక్క భాగం ముందే తగిలి, అడుగు గాలిలో ఉండిపోతుంది. 1 మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న పూస 30 డిగ్రీల వాలు మీద ఉపరితలం కన్నా 0.15 మిల్లీమీటర్లు, 45 డిగ్రీల వద్ద 0.41, 60 డిగ్రీల వద్ద పూర్తిగా 1 మిల్లీమీటరు ఎత్తులో నిలుస్తుంది. వాలు పెరిగేకొద్దీ అబద్ధం పెరుగుతుంది. అంచులు బండబారాయని, గోడలు వాలాయని అనిపించేది ఇందుకే.

గాడిలో ఇంకా దగ్గరగా చూడవచ్చు. 1 మిల్లీమీటరు లోతున్న, 90 డిగ్రీల కోణంతో కోసిన గాడిలోకి అదే పూస దిగిందనుకుందాం. రెండు గోడలకూ ఒకేసారి ఆనుకుని ఆగిపోతుంది. పూస అడుగుకు, గాడి అడుగుకు మధ్య 0.41 మిల్లీమీటర్ల ఖాళీ మిగిలిపోతుంది. అంటే మిల్లీమీటరు లోతు గాడి ఫైలులో 0.59 మిల్లీమీటర్ల లోతుగా నమోదవుతుంది. ఆ మిగిలిన మూలలో సన్నని గీత ఉన్నా, దుమ్ము ఉన్నా, ఏమీ లేకపోయినా ప్రోబ్‌కు తేడా లేదు. ఆ సమాచారం ఫైలులోకి రానే లేదు, ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

ఇంతవరకు వింటే ప్రోబ్ స్కానింగ్ పనికిరానిదే అనిపిస్తుంది. కానీ చెక్కే బిట్ సంగతేమిటి? ఉబ్బెత్తు నగిషీలను చెక్కేది ఎక్కువగా బాల్ నోస్ బిట్‌తోనే. దాని కొన కూడా అర్ధగోళమే. ఆ కొన వ్యాసం పూస వ్యాసంతో సమానమైతే, పూస కేంద్రం నడిచిన దారే బిట్ కొన కేంద్రం నడవాల్సిన దారి. సర్దుబాటు అక్కర్లేదు, వాలు లెక్కలు అక్కర్లేదు. ప్రోబ్ చేసిన తప్పునే బిట్ తిరగేసి చేస్తుంది, రెండూ చెల్లుకు చెల్లు. 60 డిగ్రీల వాలు మీద పూస మిల్లీమీటరు ఎత్తులో ఆగితే, బిట్ కూడా సరిగ్గా అక్కడే ఆగి, తన పక్క భాగంతో సరిగ్గా ఆ వాలునే కోస్తుంది. పూస అందుకోలేని గాడి మూల ఎలాగూ బిట్‌కు కూడా అందదు. పైకి పొడుచుకొచ్చిన పదునైన అంచులైతే పాయింట్ల ఎడం తగినంత సన్నగా ఉంటే పదునుగానే తిరిగొస్తాయి. ముడి ఫైలులో అవి గుండ్రంగా కనిపించడం పూస వాటి చుట్టూ దొర్లడం వల్లే.

ఈ సూత్రం కంప్యూటర్ల కన్నా చాలా పాతది. 1819లో థామస్ బ్లాంచార్డ్ పేటెంట్ పొందిన లేత్ యంత్రం అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో తుపాకీ మడమలను చెక్కింది. అందులో ఒక చక్రం నమూనా మడమ మీద దొర్లుతూ ఉంటే, మరో చక్రం ముడి చెక్కను కోస్తుంది. తడిమే చక్రం, కోసే చక్రం ఒకే కొలతలో ఉండటమే కిటుకు. ఇవాళ స్టైలస్ డబ్బా, బిట్ల డబ్బా వేర్వేరుగా కొంటూ రెండింటి కొలతలను పట్టించుకోనివారు ఆ పాత కిటుకును చేజార్చుకుంటున్నట్టే. స్కాన్ మొదలుపెట్టడానికి ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ బిట్‌తో చెక్కబోతున్నారన్నది. పూసను దానికి తగ్గట్టు ఎంచుకోవాలి.

కొలత మార్చి చెక్కాలంటే? మూడు అక్షాల్లోనూ ఒకే నిష్పత్తిలో సగానికి తగ్గిస్తే, 2 మిల్లీమీటర్ల పూసతో తీసిన దారికి 1 మిల్లీమీటరు బిట్ సరిగ్గా సరిపోతుంది. పూసను కూడా సగానికి తగ్గించినట్టే కదా. అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మార్చినా నష్టం లేదు. ఎత్తును మాత్రమే పెంచడం లేదా తగ్గించడం చేస్తే లెక్క చెడుతుంది. సాగదీసిన గోళం గోళం కాదు, అలాంటి బిట్ లేదు. నగిషీని లోపలికి తిరగేసి అచ్చు చేయాలంటే మరీ చెడుతుంది. పూస వస్తువు పైనుంచి నడిచింది, అచ్చు కోసే బిట్ అదే ఉపరితలానికి అవతలి వైపు నుంచి నడవాలి. ఈ రెండు సందర్భాల్లోనూ, పూస కన్నా చిన్న బిట్‌తో చెక్కాలనుకున్నప్పుడూ అసలు ఉపరితలాన్ని తిరిగి రాబట్టక తప్పదు.

రాబట్టడం వినడానికి కష్టంగా ఉన్నా భావన చాలా తేలిక. పూస ఒకచోట నిలిచిందంటే అది ఆక్రమించిన జాగాలో వస్తువు లేదని అర్థం. అలా ప్రతి పాయింటు దగ్గరా పూస ఆక్రమించిన జాగానంతా ఒక దిమ్మలోంచి తీసేస్తూ పోతే చివరికి మిగిలేదే వస్తువు గురించి చెప్పగల గరిష్ఠ సమాచారం. బాల్ నోస్ బిట్‌తో చెక్కినప్పుడు ఎలా ఉంటుందో తెరమీద చూపించే క్యామ్ సాఫ్ట్‌వేరు (యంత్రం కదలికలను తయారుచేసేది) చేసేది కూడా సరిగ్గా ఇదే పని. ఆ చూపించిన ఆకారాన్ని ఎస్‌టీఎల్ అనే త్రీడీ రూపపు ఫైలుగా దాచుకునే వీలున్న సాఫ్ట్‌వేరు చేతిలో ఉంటే వేరే గణితం అక్కర్లేదు. పూస కొలతతో బిట్‌ను నిర్వచించి, స్కాన్ పాయింట్లనే టూల్‌పాత్‌గా, అంటే బిట్ నడిచే దారిగా ఇచ్చి, వచ్చిన ఆకారాన్ని దాచుకోవాలి. పాయింట్ల మధ్య బిట్ గీతల్లాంటి గరుకుదనం మిగులుతుంది. దాన్ని కొద్దిగా నునుపు చేయవచ్చు, ఎక్కువ చేస్తే నగిషీ పదును పోతుంది.

ఫైలు దగ్గర జరిగే నష్టాలు

గంటల తరబడి తీసిన కొలతలు ఫైలు మార్చే ఒక్క క్షణంలో పాడైపోవడం అరుదేమీ కాదు. ఎత్తులను నలుపు తెలుపు బొమ్మగా మార్చి వాడే అలవాటు చాలామందికి ఉంది. ఆ బొమ్మ 8 బిట్లదైతే (ఇక్కడ బిట్ అంటే కంప్యూటరు లెక్క, కోసే పనిముట్టు కాదు) దానిలో మొత్తం 256 మెట్లే. 20 మిల్లీమీటర్ల ఎత్తున్న నగిషీని అందులో ఇరికిస్తే ఒక్కో మెట్టు దాదాపు 0.08 మిల్లీమీటర్లు. మెల్లగా వాలే చెంప మీదో, ఆకు వీపు మీదో ఆ మెట్లు చెక్క మీద కంటికి కనిపిస్తాయి, గరుకు కాగితంతో రుద్దినా తేలిగ్గా పోవు. 16 బిట్ల బొమ్మలో 65,536 మెట్లుంటాయి కాబట్టి ఆ బెడద ఉండదు. బొమ్మగా మార్చకుండా పాయింట్లుగానే ఉంచుకుంటే ఇంకా మంచిది. మెష్‌ల్యాబ్, క్లౌడ్‌కంపేర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఆ పాయింట్లను నేరుగా తెరుస్తాయి. అక్కడక్కడ చుట్టుపక్కల వాటికి పొంతన లేకుండా పొడుచుకొచ్చే పాయింట్లు తప్పుడు స్పర్శలే. వాటిని ఇరుగుపొరుగు పాయింట్ల మధ్యమ విలువతో మార్చేయవచ్చు. మొత్తం ఫైలుకు సగటు తీసి నునుపు చేయడం మాత్రం చివరి మార్గంగా ఉంచుకోవాలి.

నిట్టనిలువు గోడల దగ్గర మరో తిరకాసు ఉంటుంది. పూస కన్నా కడ్డీ సన్నగా ఉంటుంది గనుక నిలువు గోడ వెంట పూసే ముందు తగలాలి. గోడ కొంచెం లోపలికి, అంటే పూస కన్నా పైన ముందుకు వాలి ఉంటే, కడ్డీయే గోడకు తగులుతుంది. ప్రోబ్ ఆ స్పర్శనూ పూస స్పర్శగానే నమోదు చేస్తుంది. పై అంచు కింద దాక్కున్న భాగాలు, ఉదాహరణకు ముందుకు వంగిన ఆకు అడుగు వైపు, మూడు అక్షాల ప్రోబ్‌కు ఎప్పటికీ అందవు. వస్తువును తిప్పి బిగించి మరోసారి స్కాన్ చేసి రెండింటినీ కలపడం సాధ్యమే గానీ, మూడు అక్షాల రౌటర్‌తోనే తిరిగి చెక్కబోతుంటే ఆ శ్రమకు ఫలితం సున్నా. ప్రోబ్‌కు అందనిది బిట్‌కూ అందదు.

కెమెరా ఉండగా ఎందుకు?

ఫోను ఫొటోలతో త్రీడీ రూపం కట్టే పద్ధతులు, లేజర్, కాంతి గీతల స్కానర్లు వచ్చాక ప్రోబ్ పాతబడిందన్న మాట వినిపిస్తుంటుంది. పెద్ద విగ్రహం, పూర్తి గుండ్రని బొమ్మ, ముట్టుకుంటే చెదిరే వస్తువు అయితే ఆ మాట నిజం. మట్టి, మైనం, నురుగు లాంటి మెత్తటి వాటిని ప్రోబ్ నొక్కేస్తుంది, గుర్తులు కూడా పడతాయి. వేగంలోనూ ఆ స్కానర్లకూ ప్రోబ్‌కూ పోలికే లేదు. కానీ మెరిసే ఇత్తడి, నిగనిగలాడే నల్ల పాలిష్, గాజు, ఏ గుర్తూ లేని తెల్లటి నునుపు ముఖం కాంతి స్కానర్లను బోల్తా కొట్టిస్తాయి. తెల్లటి పొడి చల్లి స్కాన్ చేయాల్సి వస్తుంది. పాత వస్తువు మీద పొడి చల్లనివ్వడానికి యజమాని ఒప్పుకోకపోవచ్చు. ప్రోబ్‌కు రంగుతో, మెరుపుతో పనిలేదు. ఫొటోల నుంచి కట్టిన రూపానికి సొంతంగా కొలత ఉండదు, పక్కన తెలిసిన పొడవున్న గీటుబద్ద పెడితే గానీ మిల్లీమీటర్లు రావు. ప్రోబ్ విలువలు మొదటి నుంచీ మిల్లీమీటర్లలోనే ఉంటాయి. పైగా చెక్కబోయే యంత్రపు అక్షాల్లోనే ఉంటాయి.

తాకి చదవడం, చెక్కడం ఒకే యంత్రంలో పెట్టాలన్న ఆలోచనకు బజారులో గట్టి ఉదాహరణలున్నాయి. రోలాండ్ ఎండీఎక్స్-15, ఎండీఎక్స్-20 చిన్న యంత్రాలు సూదిలాంటి స్పర్శ సెన్సరుతో వస్తువును చదివి, అదే తల స్థానంలో స్పిండిల్ పెట్టి చెక్కేవి. కార్వ్‌రైట్ చెక్క యంత్రానికీ స్కానింగ్ ప్రోబ్ ఉంది. వాటిలో సెన్సర్లు, సాఫ్ట్‌వేరు ఒకే కంపెనీవి కాబట్టి వాడకం తేలిక. సొంతంగా కూర్చుకున్న యంత్రంలో ఆ తేలికదనం ఉండదు గానీ పూస, బిట్, ఎడం, వేగం అన్నీ పనికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

లోహపు వస్తువైతే అసలు ప్రోబ్ కొనకుండానే పని జరుగుతుంది. వస్తువుకు ఒక తీగ, స్పిండిల్‌లో బిగించిన గుండు కొన కడ్డీకి ఒక తీగ తగిలిస్తే, రెండూ తగిలిన క్షణంలో వలయం పూర్తవుతుంది. ఒరిగే స్ప్రింగు లేదు కాబట్టి చాలా మెల్లగా దిగాలి. స్పిండిల్ బేరింగుల ద్వారా యంత్రం చట్రానికి ఇప్పటికే కరెంటు దారి ఉందేమో మల్టీమీటరుతో ముందే చూసుకోవాలి. అలాంటి దారి ఉంటే తగలకుండానే తగిలినట్టు చూపిస్తుంది. రాగి రేకు సర్క్యూట్ బోర్డుల మీద గీతలు కోసేవారు ఈ పద్ధతిని రోజూ వాడుతుంటారు. బోర్డు ఎంత చదునుగా కనిపించినా నాలుగు మూలల్లో ఎత్తు తేడా ఉంటుంది, రాగి పొర మందం మాత్రం మామూలుగా 0.035 మిల్లీమీటర్లే. పది ఇరవై పాయింట్లు తాకి, ఆ ఎత్తులకు తగ్గట్టు టూల్‌పాత్‌ను వంచే సౌకర్యం బీసీఎన్‌సీ, క్యాండిల్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఉంది.

ప్రోబ్ స్కానింగ్ అంటే నకళ్లు తీయడమే అనుకునేవారికి ఈ చివరి వాడకం మరో దారి చూపిస్తుంది. కొద్దిగా వంగిన పాత పలక మీద, గుండ్రని పెట్టె మూత మీద, చేత్తో చదును చేసిన దుంగ మీద పేరో డిజైనో ఒకే లోతులో చెక్కాలంటే, ఆ ఉపరితలాన్ని 5 లేదా 10 మిల్లీమీటర్ల ఎడంతో తాకి వస్తే చాలు. కొన్ని వందల పాయింట్లు, అరగంటలోపు పని. వస్తువును బిగింపు నుంచి కదపకుండా ప్రోబ్ తీసి బిట్ పెట్టి, అదే దిమ్మను తాకి ఎత్తు సరిచూసుకుని, వంచిన టూల్‌పాత్‌తో నేరుగా చెక్కడం మొదలుపెట్టవచ్చు.